గన్‌షిప్ ఎంచుకునేటప్పుడు తుపాకీని ఆఖర్న చూడండి

మా మేనల్లుడు సైన్యంలో అధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బి ఇంటర్వ్యూకి తయారవుతున్నాడు. గ్రూప్ డిస్కషన్‌లో అడగొచ్చని ఒక అంశం పట్టుకుని పోయిన ఆదివారం యాప్రాల్‌లో మా ఇంటికి వచ్చాడు. "మామయ్యా, నేల మీద పోరాడే జవాన్లకు అండగా చిన్న గన్‌షిప్‌లు కొనాలంటే ఏవి కొనాలి?" అని అడిగాడు. గన్‌షిప్ అంటే గాల్లోంచి నేల మీది శత్రువును కాల్చే విమానమో హెలికాప్టరో. నోట్‌బుక్‌లో అప్పటికే పెద్ద పట్టిక గీసుకున్నాడు. మొదటి గడిలో తుపాకీ ఎన్ని మిల్లీమీటర్లు, రెండో గడిలో నిమిషానికి ఎన్ని తూటాలు, మూడో గడిలో వేగం.

పక్కింటి సుబేదార్ సాబ్ పదాతిదళంలో చేసి రిటైరైన మనిషి. చాయ్ తాగుతూ ఆ నోట్‌బుక్ అందుకుని, గడుల మీద వేలు పోనిస్తూ ఆఖరి దాకా చూశారు. "బిడ్డా, మేం పిలిస్తే ఎంతసేపట్ల వస్తది? వచ్చినంక ఎంతసేపుంటది? మేమెక్కడున్నమో దానికెట్ల ఎరుక? గివి రాయలేదేంది?" అన్నారు.

ఆ మూడు ప్రశ్నలకు నేను నాలుగోది కలుపుతాను. కిందున్న శత్రువు భుజం మీద ఏముంది, విమానాన్ని కూల్చే క్షిపణి ఉందా? ఈ నాలుగూ తేలాకే తుపాకీ జోలికి వెళ్ళాలి. నేను ముప్పై ఏళ్ళు బాలానగర్ వర్క్‌షాపుల్లో విమానాల విడిభాగాలు చేసినవాణ్ణి. అంకెలంటే నాకు గౌరవం. అందుకే చెబుతున్నాను, మొదటి గడిలో తప్పు అంకె పెట్టుకుంటే కింద గడులన్నీ దాని వెంటే పోతాయి.

తూటా సంగతే చూడండి. ఒకసారి ఒక ప్రదర్శనలో రెండు డమ్మీ తూటాలు పక్కపక్కన పెట్టారు. రెండింటి మీదా గుండు మందం 30 మి.మీ. అనే రాసి ఉంది. ఒకటి అపాచీ హెలికాప్టర్‌ది, మందు పట్టే గొట్టం పొడవు 113 మి.మీ. రెండోది ఏ-10 విమానానిది, 173 మి.మీ. మొదటిది అరచేతిలో ఒదిగింది. రెండోది ఎత్తితే మణికట్టుకు బరువు తెలిసింది. గొట్టంలో పట్టే మందు ఎక్కువైతే గుండు వేగం, దూరం, దెబ్బ అన్నీ పెరుగుతాయి. దాంతో పాటే తుపాకీ బరువు, వెనక్కి తన్నే బలం పెరుగుతాయి, దాన్ని మోసే విమానమూ పెద్దది కావాలి. మా వాడి పట్టికలో మాత్రం రెండింటికీ ఒకటే అంకె.

పిలిచినప్పుడు రావడమే సగం పని

మన సైనికులకు అతి దగ్గరలో ఉన్న శత్రువును పైనుంచి కొట్టడం, అదీ కింద ఉన్నవాళ్ళతో మాట్లాడుకుంటూ కొట్టడం ఈ పని. హైదరాబాదుకు ఇది తెలియని సంగతి కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు రాజేశ్వర్ వైపు వస్తున్న భారత సైన్యానికి దారిలో మాటు వేసిన దళాలు ఎదురయ్యాయి. వాటి మీదికి టెంపెస్ట్ విమానాలను పిలిచి దారి తీయించుకున్నారు.

కానీ ఈ పని ఎలా సాగుతుందో నేర్చుకోవాలంటే లోంగేవాలాను చూడాలి. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్ ఎడారిలో ఒక పంజాబ్ రెజిమెంట్ కంపెనీ మీదికి పాకిస్తాన్ ట్యాంకులు వచ్చాయి. జైసల్మేర్‌లో మన హంటర్ జెట్ విమానాలున్నాయి. వాటికి 30 మి.మీ. ఫిరంగులు నాలుగేసి ఉన్నాయి, రాకెట్లు ఉన్నాయి. లేనిది రాత్రి చూపు. మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి మనుషులు తెల్లవారేదాకా తమంతట తాము నిలబడాల్సి వచ్చింది. పొద్దు పొడిచాక హంటర్లు వచ్చి ఆ ట్యాంకులను ఇసుకలో వేటాడాయి. వాటికి దారి చూపినది ఇంకా చిన్న విమానం. కృషక్ అనే ఒంటి ఇంజను విమానంలో మేజర్ ఆత్మాసింగ్ ఆకాశంలో తిరుగుతూ, ట్యాంకులు ఎక్కడెక్కడున్నాయో రేడియోలో చెప్పారు.

నెమ్మదిగా తిరిగే కన్ను ఒకటి, వేగంగా వచ్చే దెబ్బ మరొకటి. చిన్న గన్‌షిప్ అంటే ఈ రెండింటినీ ఒకే యంత్రంలో పెట్టే ప్రయత్నం. రకాల మధ్య తేడా ఏమిటంటే, ఎవరు దేనికి ఎక్కువ చోటిచ్చారన్నదే.

గానుగెద్దులా తిరిగేవి

గన్‌షిప్ అనే మాట స్థిరపడింది పక్క నుంచి కాల్చే విమానాలతో. 1964 చివర్లో వియత్నాంలో అమెరికా వాళ్ళు సి-47 రవాణా విమానం ఎడమ పక్కన మినీగన్లు అనే అతి వేగపు మెషిన్‌గన్లు మూడు బిగించారు. సి-47 అంటే మన డకోటా. డెక్కన్ ఎయిర్‌వేస్ రోజుల్లో బేగంపేట నుంచి ప్రయాణికులను మోసింది ఇదే. 1947 అక్టోబరులో శ్రీనగర్‌లో మన సైన్యాన్ని దింపిందీ ఇదే. ఇప్పుడు మనం పాత స్కూటర్ని డకోటా బండి అంటున్నాం గానీ, అది చాలా పెద్ద మనసున్న యంత్రం.

పక్క నుంచి కాల్చడంలో సూత్రం గానుగ చూసినవాళ్ళకు వెంటనే బోధపడుతుంది. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంది, దాని ఒక పక్క ఎప్పుడూ రోలు వైపే ఉంటుంది. విమానం ఎడమ రెక్క కిందికి వంచి వలయంలో తిరిగితే, ఆ వలయం మధ్యనున్న చోటు పైలట్ ఎడమ కిటికీలోంచి కదలకుండా కనిపిస్తుంది. తుపాకులు కూడా ఆ పక్కకే ఉంటే, ఎంతసేపు తిరిగితే అంతసేపు ఒకే చోట కొట్టొచ్చు. ఈక్వడార్ అడవుల్లో ఒక మత ప్రచారకుడు ఇదే కిటుకుతో విమానం దిగకుండానే పొడవాటి తాడుకు బొక్కెన కట్టి కింది మనుషులకు సామాను అందించేవాడు. గుండ్రంగా తిరుగుతుంటే నూతిలోకి దించినట్టు బొక్కెన మధ్యలో దాదాపు నిలిచిపోయేది. తుపాకీకి వర్తించిందీ ఆ బుద్ధే.

ముక్కులోంచి కాల్చే విమానం ఒకసారి గురిపెట్టి దూకి, మళ్ళీ పైకి లేచి, చుట్టు తిరిగి రావాలి. ఆ మధ్యలో కింద జవాను ఒంటరి. పక్క నుంచి కాల్చేది ఆ విరామం ఇవ్వదు. ఒక్కో మినీగన్ నిమిషానికి 6,000 తూటాల దాకా కాలుస్తుంది, అంటే సెకనుకు వంద. రాత్రివేళ చుట్టుముట్టిన చిన్న ఔట్‌పోస్టుకు ఇంతకంటే గట్టి కాపలా అప్పట్లో లేదు.

ఈ వలయమే దానికి మెడలో తాడు కూడా. ఒకే ఎత్తులో, ఒకే వేగంతో, ఒకే గుండ్రంలో తిరిగే విమానం ఒక నిమిషం తర్వాత ఎక్కడ ఉంటుందో కిందున్నవాడికి ముందే తెలుస్తుంది. తుపాకులు బిగించిన ఆ డకోటాలు, అంటే ఏసి-47లు, డజనుకు పైగా వియత్నాంలో పోయాయి. 1991 జనవరి 31న సౌదీ అరేబియాలోని ఖాఫ్జీ యుద్ధంలో ఒక పెద్ద గన్‌షిప్, ఏసి-130, తెల్లవారాక కూడా జవాన్లను వదల్లేక ఆకాశంలోనే ఉండిపోయింది. భుజం మీది క్షిపణి తగిలి అందులోని 14 మందీ చనిపోయారు. సుబేదార్ సాబ్ ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. కింది వాళ్ళ కోసం ఆగినందుకు పోయినవాళ్ళు వాళ్ళు.

ఇదే పద్ధతిని మరీ చిన్న విమానాలకు తగిలించాలని 1971-72లో అమెరికా ప్రయత్నించింది. కొండ ప్రాంతాల్లో జానెడు రన్‌వే మీద దిగే పిలాటస్ పోర్టర్‌కు పక్కన మూడు గొట్టాల 20 మి.మీ. ఫిరంగి పెట్టి ఏయు-23 అన్నారు. హీలియో స్టాలియన్‌కు పెట్టి ఏయు-24 అన్నారు. మొదటివి థాయ్‌లాండ్‌కు, రెండోవి కంబోడియాకు చేరాయి. సొంత వైమానిక దళానికి మాత్రం ఇవి నెమ్మది, దెబ్బకు తట్టుకోలేవు అని అమెరికా వదిలేసింది. తర్వాత జోర్డాన్ సిఎన్-235 అనే రెండు ఇంజన్ల రవాణా విమానాలు రెండింటిని గన్‌షిప్‌లుగా మార్పించింది. వాటి పక్కన పెట్టింది అపాచీ 30 మి.మీ. ఫిరంగినే. కొన్నేళ్ళకే వాటిని అమ్మకానికి పెట్టింది.

కాబట్టి ఈ రకం ఎవరికి? రాత్రి చూపు బాగా ఉండి, శత్రువు దగ్గర రైఫిళ్ళు, మెషిన్‌గన్లు తప్ప క్షిపణులు లేవని రూఢిగా తెలిసి, కాపాడాల్సింది కదలని ఔట్‌పోస్టు అయితేనే. ఈ మూడిట్లో ఏది తప్పినా వద్దు.

దుండిగల్ మీద వినిపించే ఇంజను

దుండిగల్ వైపు ఉండేవాళ్ళకు పొద్దున్నే పిలాటస్ పిసి-7 శిక్షణ విమానాల మోత అలవాటే. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ క్యాడెట్లు మొదట ఎగిరేది వాటి మీదే. అందులో ఉన్నది పిటి-6 కుటుంబం ఇంజను. మీరు పోల్చబోయే చిన్న దాడి విమానాల్లో ముఖ్యమైన నాలుగింటిలోనూ ఈ కుటుంబమే ఉంది: సూపర్ టుకానో, ఏటి-6, ఏటి-802, సెస్నా క్యారవాన్. శిక్షణ విమానానికి, దాడి విమానానికి ఇంజను ఒకే ఇంటిదైతే మెకానిక్‌లకు చెయ్యి తిరిగి ఉంటుంది, విడిభాగాలకు తడుముకోనక్కర్లేదు. పట్టికల్లో ఎవరూ రాయని గడి ఇది. అఫ్గానిస్తాన్ వైమానిక దళానికి 2016 నుంచి సూపర్ టుకానోలు ఇచ్చారు. పైలట్లు బాగానే తయారయ్యారు. 2021లో విదేశీ కాంట్రాక్టు మెకానిక్‌లు వెళ్ళిపోయేసరికి విమానాలను ఎగిరే స్థితిలో ఉంచడమే గగనమైంది.

వీటిలో నా ఓటు సూపర్ టుకానోకే. బ్రెజిల్ కంపెనీ ఎంబ్రాయర్ తయారీ, 1,600 హార్స్‌పవర్ ఇంజను, రెక్కల్లో 12.7 మి.మీ. మెషిన్‌గన్లు రెండు. అయిదు చోట్ల కలిపి 1,550 కిలోల దాకా బాంబులు, రాకెట్లు తగిలించొచ్చు. పెద్ద జెట్ అరగంట ఉండి ఇంధనం అయిపోతోందని వెళ్ళిపోయే చోట, ఇది గంటల తరబడి ఉండగలదు. గతుకుల రన్‌వే మీద దిగుతుంది. వెనక సీటులో రెండో మనిషి ఉంటాడు. ఆ రెండో జత కళ్ళు నాకు చాలా ముఖ్యం. ఒకరు నడుపుతుంటే ఒకరు కెమెరా చూస్తూ కింది వాళ్ళతో మాట్లాడతారు. కొలంబియా తన అడవుల్లో ఫార్క్ తిరుగుబాటుదారుల మీద దీన్ని బాగా వాడింది. ఫిలిప్పీన్స్ 2020లో ఆరు తెచ్చుకుంది.

ఏటి-802 కథ వేరు. అది పుట్టింది పొలాలకు మందు కొట్టడానికి. పైలట్ ముందు మూడు వేల లీటర్లు పట్టే తొట్టి ఉంటుంది. మన రైతు వీపున మోసే స్ప్రేయర్ 16 లీటర్లు, దాంతో పోల్చుకోండి. అంత బరువుతో చేను మీద తాటిచెట్టంత ఎత్తులో ఎగరడానికి కట్టిన దేహం కాబట్టి మోతకు ఢోకా లేదు. ఆ తొట్టి బదులు ఇంధనం, ఆయుధాలు, కెమెరాలు పెట్టారు. అమెరికా ప్రత్యేక దళాల కమాండ్ 2022 ఆగస్టులో దీన్నే ఎంచుకుంది. ఇప్పుడు దాని పేరు ఓఏ-1కె స్కైరైడర్-2. మోయడంలో టుకానోను మించుతుంది. కానీ ఇది తోక చక్రం విమానం. నేల మీద ముక్కు పైకి లేచి ఉంటుంది, దిగేటప్పుడు ఒడుపు కావాలి. ముక్కు చక్రం మీద నేర్చుకున్న మన పైలట్లకు వేరే శిక్షణ తప్పదు.

సెస్నా క్యారవాన్ గురించి రెండే మాటలు. సరుకులు, ప్రయాణికులు మోసే చిన్న విమానానికి రెండు హెల్‌ఫైర్ క్షిపణులు తగిలించి ఇరాక్, లెబనాన్ వాడాయి. కన్నుగా బాగుంటుంది. దెబ్బ కొట్టే చెయ్యి చిన్నది. డబ్బు బాగా తక్కువైతే చూడండి. ఏటి-6 టుకానోకు దగ్గరి పోటీ, థాయ్‌లాండ్ 2021లో ఎనిమిది ఆర్డరు చేసింది. ఇప్పటికే ఆ కుటుంబం శిక్షణ విమానాలున్న దేశానికి అది నయం.

ఈ విమానాలన్నిటికీ ఒకే శత్రువు ఉంది, భుజం మీది క్షిపణి. ఇగ్లా లాంటివి దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తు దాకా అందుకుంటాయి. అంతకంటే పైకి వెళ్తే మెషిన్‌గన్ పనికిరాదు, గైడెడ్ బాంబులతోనే పని కానివ్వాలి. అప్పుడు తుపాకీ గడికి విలువేముంది? 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా పుకారా అనే చిన్న దాడి విమానాలను రంగంలోకి దించింది. 20 మి.మీ. ఫిరంగులు రెండు, మెషిన్‌గన్లు నాలుగు, బలమైన దేహం. అయినా ఒక్కటీ నిలవలేదు. కొన్ని గాల్లో పోయాయి. ఆరింటిని పెబుల్ ద్వీపంలో రన్‌వే పక్కనుండగానే బ్రిటిష్ కమాండోలు రాత్రికి రాత్రి పాడుచేశారు. ముందుకెళ్ళి మట్టి రన్‌వే మీద దిగగలదని మెచ్చుకునే విమానానికి ఆ రన్‌వే దగ్గర కాపలా ఎవరిదో కూడా చూసుకోవాలి.

కొండెక్కితే లెక్క మారుతుంది

మా వాడికి అసలు కావాల్సింది మన దేశం సంగతి. మన దేశం అనగానే కార్గిల్ గుర్తు రావాలి.

1999 మే 28న తోలోలింగ్ శిఖరం మీద దాడికి వెళ్ళిన మి-17 హెలికాప్టర్‌ను భుజం మీంచి కాల్చే స్టింగర్ క్షిపణి కూల్చింది. నలుగురు సిబ్బందీ అమరులయ్యారు. మి-17 రవాణా హెలికాప్టర్, పక్కన రాకెట్ల డబ్బాలు తగిలించి పంపారు. అంతకుముందు రోజే మిగ్-21, మిగ్-27 ఒక్కొక్కటి పోయాయి. ఆ తర్వాత ఆయుధాలతో మి-17లను దాడికి పంపడం ఆపేశారు. దాడి హెలికాప్టర్లు మన దగ్గర లేక కాదు, మి-35లు ఉన్నాయి. ఆ పలచని గాలిలో ఆ ఎత్తుకు అవి చేరలేవు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని నిదానంగా అర్థం చేసుకోవాలి. క్షిపణి మూడున్నర కిలోమీటర్లు ఎక్కుతుందంటే అది కాల్చేవాడి కాళ్ళ దగ్గర నుంచి లెక్క. కాల్చేవాడు 5,000 మీటర్ల శిఖరం మీద కూర్చుంటే, మైదానంలో క్షేమం అనుకున్న ఎత్తు అక్కడ వాడి కంటికి ఎదురుగా ఉంటుంది. లోయలో వచ్చే హెలికాప్టర్‌ను వాడు పైనుంచి కిందికి చూసి కొడతాడు. సుబేదార్ సాబ్ టీపాయ్ మీద చక్కెర డబ్బా పెట్టి, దాని మీద చెంచా నిలబెట్టి, కప్పును కింది నుంచి జరుపుతూ ఇదంతా చూపించారు. "గాడు పైకెల్లి చూస్తుండు, మనది గాని కింద" అన్నారు. కప్పు ఎటు జరిపినా చెంచాకు కనబడుతూనే ఉంది.

ఈ అనుభవం నుంచే మన ప్రచండ్ దాడి హెలికాప్టర్ పుట్టింది. హెచ్ఏఎల్ తయారీ, బరువు 5.8 టన్నులు, రెండు శక్తి ఇంజన్లు, ముక్కు కింద తిరిగే 20 మి.మీ. ఫిరంగి, 70 మి.మీ. రాకెట్లు. 5,000 మీటర్ల ఎత్తులో ఆయుధాలతో దిగి మళ్ళీ లేవగలదు. 2022 అక్టోబరు 3న జోధ్‌పూర్‌లో వైమానిక దళంలో చేరింది. 2025 మార్చిలో 156 హెలికాప్టర్లకు దాదాపు 62,700 కోట్ల రూపాయల ఒప్పందం అయింది. వాటిలో 90 సైన్యానికి, 66 వైమానిక దళానికి.

అపాచీ మీద హైదరాబాదు వాళ్ళకు మమకారం ఎక్కువ, కారణం తెలిసిందే. దాని దేహం, అంటే ఫ్యూజలాజ్, ఆదిబట్లలో టాటా బోయింగ్ ఫ్యాక్టరీలో తయారై అమెరికాలోని అరిజోనాకు వెళ్తుంది, అక్కడ పూర్తి హెలికాప్టర్ అవుతుంది. బాలానగర్‌లో నా ఈడు వాళ్ళకు ఇది సొంత పెళ్ళి లాంటి సంతోషం. దాని 30 మి.మీ. ఫిరంగి పైలట్ తల ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, 1,200 గుండ్లు మోస్తుంది. 16 హెల్‌ఫైర్‌లు తగిలించొచ్చు. ఎడారిలో ట్యాంకుల మందను ఆపాలంటే నా ఓటు దీనికే, రెండో ఆలోచన లేదు. కానీ పూర్తి బరువుతో ఇది పది టన్నులు దాటుతుంది, ప్రచండ్‌కు దాదాపు రెట్టింపు. పలచని గాలిలో ప్రతి కిలోకూ లెక్క చెప్పాలి. ఎత్తుకు ఎక్కించాలంటే ఇంధనమో ఆయుధాలో తగ్గించాల్సి వస్తుంది. లడాఖ్ శిఖరాల దగ్గర జవాను పిలిస్తే పంపాల్సింది ప్రచండ్‌నే. ఆదిబట్ల మీద ప్రేమ వేరు, ఎంపిక వేరు.

హెలికాప్టర్‌కు టర్బోప్రాప్ విమానం, అంటే టుకానో లాంటి పంఖా విమానం, దగ్గర లేని గుణం ఒకటుంది. కొండ వెనక దాక్కుని, తల మాత్రం పైకెత్తి, క్షిపణి వదిలి మళ్ళీ దిగిపోగలదు. హెలికాప్టర్ల కోసం మన హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్‌లో రూపొందిన హెలినా క్షిపణి ఏడు కిలోమీటర్ల దాకా వెళ్తుంది, వేడిని చూసి లక్ష్యాన్ని పడుతుంది. భుజం మీది క్షిపణి అందుకునే దూరానికి అవతలి నుంచే ఒక బంకర్‌నో ట్యాంకునో కొట్టగలగడం చిన్న సంగతి కాదు. లోపం కూడా చెప్పాలి. హెలికాప్టర్ పైన ఉండేది రెండు మూడు గంటలే, ప్రయాణం అందులోంచే పోవాలి.

మా వాడు ఏ-10, సుఖోయ్-25 గురించి కూడా రాసుకున్నాడు. కవచం కట్టుకుని దగ్గరికెళ్ళి కొట్టడానికే పుట్టిన జెట్లు. ఏ-10లో పైలట్ చుట్టూ 540 కిలోల టైటానియం తొట్టి ఉంటుంది. టైటానియం అంటే ఎంత మొండి లోహమో, మన కంచన్‌బాగ్‌లోని మిధాని లోహాల కర్మాగారంలో పనిచేసినవాళ్ళను అడగండి. కానీ ఏ-10 తయారీ ఎప్పుడో ఆగిపోయింది. సుఖోయ్-25లు 2022 నుంచి ఉక్రెయిన్‌లో రెండు పక్షాలా ఎగురుతున్నాయి. క్షిపణుల భయంతో నేలకు ఆనుకుని వచ్చి, ముక్కు పైకెత్తి, దూరం నుంచే రాకెట్లు విసిరి వెనక్కి తిరుగుతున్నాయి. కవచమున్న జెట్‌కే ఆ పరిస్థితి అయితే, అలాంటి యుద్ధంలోకి టుకానోను పంపమని నేను ఎవరికీ చెప్పను.

మనిషి లేని కన్ను

ఎంతసేపుంటది అన్న ప్రశ్నకు డ్రోన్‌ను మించిన జవాబు లేదు. 2024 జనవరిలో మన హైదరాబాదులోనే నౌకాదళానికి అందజేసిన దృష్టి-10 ఏకధాటిగా 36 గంటలు ఎగరగలదు. అది నిఘా కోసం, గన్‌షిప్ కాదు. కానీ లోంగేవాలాలో కృషక్ చేసిన పని ఇప్పుడు ఇలాంటి వాటికి అప్పజెప్పొచ్చు. కన్ను డ్రోన్‌ది, దెబ్బ ప్రచండ్‌ది అనుకుంటే హెలికాప్టర్ గంటల కొరత చాలా వరకు తీరుతుంది. లక్ష్యం దొరికాకే దాన్ని పిలవొచ్చు. పైన డ్రోన్ కూలినా ఒక ఇంటి దీపం ఆరదు. రేడియో సంకేతాలను జామ్ చేసే శత్రువు ముందు మాత్రం డ్రోన్ ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

మేమెక్కడున్నమో దానికెట్ల ఎరుక

సుబేదార్ సాబ్ ప్రశ్నల్లో నన్ను రాత్రంతా వదలనిది ఇదే. 2017 మే 31న ఫిలిప్పీన్స్‌లోని మరావి పట్టణంలో ఎస్ఎఫ్-260 అనే చిన్న విమానం వేసిన బాంబు తమ సైనికుల మీదే పడి కనీసం పది మంది చనిపోయారు. వీధికి ఈ పక్క మనవాళ్ళు, ఆ పక్క శత్రువు. పైనుంచి చూసేవాడికి రెండూ రేకుల కప్పులే.

2015 అక్టోబరు 3న అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో జరిగింది ఇంకా ఘోరం. ప్రపంచంలోనే గొప్ప కెమెరాలున్న ఏసి-130 గన్‌షిప్ ఒక ఆస్పత్రిని కాల్చేసింది. 42 మంది పోయారు. క్షిపణి భయంతో విమానం తన వలయం వదిలి దూరం జరిగింది. అక్కడి నుంచి ఇచ్చిన అంకెలు వేస్తే గురి ఖాళీ మైదానం మీద పడింది. సిబ్బంది కింది దళం చెప్పిన ఆనవాళ్ళకు పోలిన పెద్ద భవనం కోసం వెతికి, ఆ ఆస్పత్రినే లక్ష్యం అనుకున్నారు. తుపాకీలో లోపం లేదు. తూటా అనుకున్న చోటే పడింది, అనుకున్నదే తప్పు.

అందుకే విమానం ధరతో పాటు ఇవి కూడా కొంటున్నారా అని చూడండి: విమానానికి లక్ష్యం చూపేలా శిక్షణ పొంది కింది దళంతో ఉండే ఎయిర్ కంట్రోలర్, పైవాడి రేడియోతో కలిసే గుప్త రేడియో, పైనున్న కెమెరా చూసేదే కింది వాడి చేతిలోని తెర మీద కనబడే ఏర్పాటు. ఆ తెర ఉంటే జవాను "అది కాదు, పక్కది" అని చెప్పగలడు. ఇవి లేకుండా అపాచీ తెచ్చినా నేను ఒప్పుకోను. ఇవి ఉంటే క్యారవాన్‌తో కూడా ప్రాణాలు కాపాడొచ్చు.

చీకటి పడేలోపు మా వాడు కొత్త పేజీ తీశాడు. హిమాలయ సరిహద్దుకు ప్రచండ్, దానికి తోడు నిఘా డ్రోన్లు. ఎడారి మైదానంలో ట్యాంకులకు అపాచీ. క్షిపణులు లేని తిరుగుబాటును అడవుల్లో ఎదుర్కొనే దేశానికి సూపర్ టుకానో. ఎక్కువ బరువు మోయాలి, పైలట్లకు వేరే శిక్షణ ఇచ్చే తీరిక ఉందంటే ఏటి-802. పక్క నుంచి కాల్చే చిన్న గన్‌షిప్‌కు వాడు ఒక గడి ఉంచి అందులో "రాత్రి మాత్రమే" అని రాశాడు. మన దేశం టర్బోప్రాప్ దాడి విమానం కొనాలా అని అడిగాడు. మన రెండు సరిహద్దుల అవతలా భుజం మీది క్షిపణులు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి కొనొద్దన్నాను. ఆ డబ్బు రేడియోలకు, కంట్రోలర్ల శిక్షణకు పెట్టమన్నాను.

సుబేదార్ సాబ్ పెన్ను తీసుకుని పట్టికకు ఎడమ చివర, అన్నిటికంటే ముందు, నిలువుగా ఒక గీత గీశారు. ఆ గడికి పేరు రాయలేదు. వరసగా ఒక్కో విమానం ఎదురుగా "రాత్రి రెండుకు వస్తదా?" అని మాత్రం రాసుకుంటూ పోయి, హంటర్ కూడా రాయమని మా వాడికి చెప్పి, దాని ఎదురుగా తనే "లేదు" అని పెట్టారు.